ఆదివారం తగవుకి కూర్చోవద్దు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా చెల్లికి 22 ఏళ్లు. సంక్రాంతికి నరసాపురం వైపు ఉన్న మా మేనత్త గారింటికి వెళ్లినప్పుడు, మేనత్త కొడుకు గది గడియ పెట్టి దాన్ని బలవంతం చేశాడు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. మొన్న నాకు చెప్పింది. నేను అమ్మకి చెప్పాను, అక్కణ్ణుంచి నాన్నకీ పెద్దమనుషులకీ తెలిసిపోయింది. ఈ ఆదివారం మా అరుగు మీద కూర్చుంటామంటున్నారు. మూడు లక్షలు ఇప్పించి కాగితం రాయిద్దామని ఒకరు, 'వరసైనవాడే కదా, వైశాఖంలో మూడు ముళ్లు వేయించేస్తే గొడవ వదిలిపోద్ది' అని ఇంకొకరు. చెల్లి మాత్రం 'వాడు జైలుకెళ్తే నాకేం వస్తుంది? చేశానని వాడి నోటితో అత్త ముందు చెప్పాలి. మళ్లీ నా కంటపడకూడదు' అంటోంది. హైదరాబాద్‌లో చదువుకున్న మా పిన్ని కొడుకేమో, విదేశాల్లో రెస్టోరేటివ్ జస్టిస్ అని ఇలాగే కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, మన పెద్దల తగవూ అదే కదా అంటున్నాడు. నిజమేనా? మేం ఏం చెయ్యాలి?
ఒక అక్క

సమాధానం:

అమ్మా, ముందు ఆదివారం సంగతి. ఆ కూర్చోవడం జరక్కూడదు. మీ నాన్నగారి చేత శుక్రవారంలోగా ఫోన్ చేయించండి. 'పిల్ల ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేదు. ఏం చెయ్యాలో అదే చెబుతుంది. అప్పటిదాకా ఎవరూ రావద్దు.' ఈ మూడు ముక్కలు చాలు. కారణాలు చెప్పకండి. చెప్పిన ప్రతి కారణం మీదా ఒక వాదన లేస్తుంది, ఆ వాదనే తగవైపోతుంది. ఆదివారం పొద్దున్న కుర్చీలు వేశాక వద్దనడం మీ నాన్నగారికి చాలా కష్టం. అటు ఉన్నది ఆయన తోడబుట్టిన ఆవిడ ఇల్లు, ఆ మొహమాటం ఆయన్ని లాగుతూనే ఉంటుంది. వద్దన్నా వచ్చేస్తే, ఆ పూటకి చెల్లిని తీసుకుని మీరు ఊళ్లో లేకుండా వెళ్లిపోండి. నాన్నగారు దేనిమీదా సంతకం పెట్టకూడదు, బయానాగా కూడా పైసా పుచ్చుకోకూడదు.

కాగితం అంటే ఎందుకింత భయం? మీరు రాసినదాన్ని బట్టి ఇది అత్యాచారం. రాజీకి వీల్లేని నేరం. స్టాంపు కాగితం మీద రాసినా, నోటరీ చేయించినా, కేసు పెట్టబోమన్న మాటకి చట్టంలో విలువ లేదు. లోక్ అదాలత్‌కి తీసుకెళ్తామని ఎవరైనా అంటే, రాజీకి వీల్లేని నేరాల మీద లోక్ అదాలత్‌కి అధికారమే లేదు. మరి విలువ లేని కాగితంతో వాళ్లకేం పని? రేపు చెల్లి మనసు మారి పోలీసు స్టేషన్‌కి వెళ్తే, అవతలి వకీలు మొదట బయటికి తీసేది దాన్నే. 'మూడు లక్షలు సరిపోక కేసు పెట్టారు' అంటాడు. అంటే ఆ కాగితం మీకు అక్కరకు రాదు, వాడికి మాత్రం వస్తుంది. పైగా నేరాన్ని కప్పిపెట్టడానికి సొమ్ము ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరాలే.

పెళ్లి మాట ఎత్తినవాళ్లకి ఒక్క విషయం చెప్పండి. 'వరసైనవాడే కదా' అన్నది చట్టం దృష్టిలో తప్పుని తగ్గించే మాట కాదు, పెంచే మాట. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) 64వ సెక్షన్ రెండో భాగం, బంధువే ఈ పని చేస్తే దాన్ని విడిగా, మరింత తీవ్రంగా లెక్కగడుతుంది. కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా బతికున్నంతకాలం జైలు. 2015లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి నేరంలో రాజీ, మధ్యవర్తిత్వం అన్న ఆలోచనకే చోటు లేదంది. 2021 మార్చిలో ఇంకో కేసులో, పెళ్లి చేసుకోమనో సర్దుకోమనో న్యాయమూర్తులు కూడా సూచించకూడదని చెప్పింది. జడ్జీలకే లేని అధికారం అరుగు మీదవాళ్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక పోలీసుల దగ్గరికి వెళ్లి తీరాలా? మీ చెల్లికి 18 దాటాయి కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. తెలిసీ చెప్పలేదని ఆమె మీద గానీ మీ మీద గానీ కేసు రాదు. కానీ ఒకటి కనుక్కోండి. ఆ ఇంట్లో, ఆ బంధువుల్లో పద్దెనిమిది నిండని ఆడపిల్లలున్నారా? మగపిల్లలైనా సరే. వాళ్లలో ఎవరిమీదైనా ఇలాంటిది జరిగిందని మీ చెవిన పడితే లెక్క మారిపోతుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష. అక్కడ ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చెయ్యాలి.

ఒంటి సంగతి కూడా ఈ వారమే చూడాలి. ఎయిడ్స్ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఆ గడువు దాటిపోయింది. లోపలి నమూనాలు తీసే 96 గంటలూ దాటాయి. మిగిలింది గర్భం పరీక్ష, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు. హెచ్‌ఐవీది ఇప్పుడొకసారి, మూడు నెలలకి మళ్లీ ఒకసారి. గర్భం నిలిచి ఉంటే, వద్దనుకుంటే, 20 వారాల దాకా ఒక డాక్టరు, 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చాలు. ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా, బాధితురాలికి ఉచితంగా వైద్యం చెయ్యాలి. అయితే జరిగింది చెబితే ఆసుపత్రివాళ్లు పోలీసులకి కబురు పెట్టాలి, అది వాళ్ల బాధ్యత. పోలీసులు వచ్చినా ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది చెల్లి చేతిలోనే ఉంటుంది, ఆమె ఒప్పుకోకుండా ఒంటిమీద పరీక్ష చెయ్యకూడదు. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. అక్కడికెళ్లాక ఖాకీ బట్టలు చూసి హడలిపోకూడదు కదా.

ఆ రోజు కట్టుకున్న బట్టలు ఉతక్కుండా ఉంటే కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పట్టి పాడైపోతాయి. వాడు పంపిన మెసేజీలు, మిస్డ్ కాల్స్, 'సారీ' అన్న వాట్సాప్ ఏదీ చెరిపెయ్యొద్దు. చూడలేకపోతే ఆ ఫోన్ మీరు దాచండి. జరిగింది తేదీ, వేళ, గది, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారో చెల్లి చేత్తోనే రాయించి తేదీ వెయ్యండి. ఒక్కరోజులో రాయలేకపోతే నాలుగు రోజులు రాయనివ్వండి. కేసు పెట్టినా పెట్టకపోయినా ఇది పనికొస్తుంది.

ఇప్పుడు మీ పిన్ని కొడుకు మాట. అబ్బాయి చదివింది తప్పు కాదు గానీ పోల్చింది తప్పు. రెస్టోరేటివ్ జస్టిస్, అంటే పునరుద్ధరణ న్యాయం, అన్న ఈ పద్ధతి 1974లో కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని ఎల్‌మైరా అనే చిన్న ఊళ్లో మొదలైందని చెప్పుకుంటారు. ఇద్దరు కుర్రాళ్లు ఒక్క రాత్రి 22 చోట్ల విధ్వంసం చేస్తే, ప్రొబేషన్ అధికారి వాళ్లని గడప గడపకీ తిప్పి, చేసింది ఒప్పించి, నష్టం కట్టించాడు. పగిలిన అద్దానికి అది సరిపోయింది. ఆడపిల్ల మీద జరిగిన దాడికి అదే కొలత పనికిరాదని ఆ రంగంలోవాళ్లకి త్వరగానే తెలిసొచ్చింది. అందుకే లైంగిక హింసకి విడిగా, చాలా జాగ్రత్తలతో కొద్దిచోట్ల మాత్రమే చేశారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం పీమా కౌంటీలో 2003 నుంచి 2007 దాకా ఒకటి, న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లో 2005లో మొదలైన ప్రాజెక్ట్ రిస్టోర్ ఒకటి.

అక్కడ ఎలా నడుస్తుందో చూస్తే మన అరుగుకీ దానికీ ఉన్న దూరం తెలుస్తుంది. మన దగ్గర కూర్చోవడం మొదటి పని, అక్కడ చిట్టచివరి పని. దానికి ముందు వారాలూ నెలలూ ఇద్దరితో విడివిడిగా, శిక్షణ ఉన్నవాళ్లు మాట్లాడతారు. చేసినవాడు చేశానని ముందే ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. జరిగిందా లేదా అన్నది అక్కడ చర్చే కాదు. మన దగ్గరేమో పిల్ల పదిమంది మగవాళ్ల ముందు రుజువు చేసుకోవాలి. వాడిని మానసిక నిపుణుడు పరీక్షించి, ప్రమాదకరమైనవాడైతే పక్కన పెట్టేస్తాడు. అమ్మాయికి ఎదురుపడ్డం ఇష్టం లేకపోతే ఉత్తరం పంపొచ్చు, తన తరఫున వేరేవాళ్లని పంపొచ్చు, ఏ నిమిషమైనా మానుకోవచ్చు. ఆ తరవాత ఏడాది పాటు వాడు మాట మీద నిలబడ్డాడా అని చూసే మనిషి ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రభుత్వం తలుపు మూసుకోదు. పీమాలో కేసులు పంపింది సర్కారు వకీళ్లే, వాడు మాట తప్పితే కేసు తిరిగి వాళ్ల దగ్గరికే వెళ్తుంది. న్యూజిలాండ్‌లో మామూలుగా కోర్టులో నేరం ఒప్పుకున్నాక, శిక్ష వెయ్యడానికి ముందు ఈ సమావేశం పెడతారు. కేసు వదిలెయ్యడానికి కాదు.

పెద్దమనుషుల్ని తీసిపారెయ్యడం మా ఉద్దేశం కాదు. రొయ్యల చెరువు గట్టు తెగి ఉప్పునీరు పక్కవాడి వరిచేలోకి పోతే, బోదె నీటి వంతు దగ్గర మాటా మాటా వస్తే, కోర్టు పదేళ్లు తీసుకునేదాన్ని వాళ్లు ఒక్క సాయంత్రంలో తేలుస్తారు. వాళ్ల పద్ధతి 'నువ్వో మెట్టు దిగు, నువ్వో మెట్టు దిగు' అన్నది. నీళ్ల తగవులో ఇద్దరికీ దిగడానికి మెట్లుంటాయి. మీ చెల్లి ఏ మెట్టు దిగాలి?

మన దేశంలో పద్దెనిమిది నిండినవాళ్ల మధ్య జరిగిన ఇలాంటి నేరానికి రెస్టోరేటివ్ జస్టిస్ పద్ధతిని ఒప్పుకునే చట్టం లేదు. దగ్గరగా వచ్చేది పని చోట్ల లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం 10వ సెక్షన్. ఫిర్యాదు చేసిన మహిళ తనంతట తాను అడిగితేనే, విచారణకి ముందు సామరస్యంగా తేల్చుకోవచ్చు, అదీ డబ్బు ప్రాతిపదికన కాదు. ఈ రెండు షరతులూ గుర్తుపెట్టుకోండి, మీకు పనికొస్తాయి. కానీ అది ఆఫీసులో, రొయ్యల షెడ్డులో జరిగే వేధింపులకి గానీ అత్యాచారానికి సరిపోయేది కాదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. బయటి దేశాల్లో అలాంటి సమావేశంలో అన్న మాటలు గోప్యంగా ఉండేలా ఏర్పాట్లుంటాయి. ఇక్కడ ఆ రక్షణ లేదు. వాడు మీ అత్త ముందు 'చేశాను' అంటే, విన్న ప్రతి ఒక్కరూ రేపు కోర్టులో సాక్షులు కావచ్చు. అందుకే వకీలుని కలిసిన మరుక్షణం వాడు నోరు మూసుకుంటాడు. చెల్లి కోరుకుంటున్నది అన్యాయమైన కోరిక కాదు, కానీ అది వాడి నోటి మీద ఆధారపడి ఉంది. ఆమెకి ఈ మాట మెల్లగా, ఇప్పుడే చెప్పండి. ఆశపెట్టి ఆరు నెలలు తిప్పించుకోవడం కన్నా నయం.

అయితే ఆమె అడిగినవి విడదీసి చూస్తే మూడు. అత్తకి తెలియాలి. వాడు ఒప్పుకోవాలి. వాడు కనపడకూడదు. ఇందులో వాడి చేతిలో ఉన్నది నడిమిది ఒక్కటే.

అత్తకి తెలియడానికి వాడెందుకు? మీరో, మీ అమ్మగారో, చెల్లికి ఓపికుంటే తనో చెప్పొచ్చు. వాళ్లింట్లో కాదు, మీ ఇంట్లోనూ కాదు, ఆవిడ ఒక్కరే వచ్చే చోట. పావుగంటలో ముగించండి. 'మీ అబ్బాయి సంక్రాంతి నాడు ఇది చేశాడు. మీ దగ్గర తీర్పు అడగడానికి రాలేదు, మీకు తెలియాలని చెబుతున్నాం.' మీ అత్తగారు నమ్మకపోవచ్చు, శాపనార్థాలు పెట్టొచ్చు, ఆయాసమొచ్చి కూలబడొచ్చు. తల్లి కదా. నమ్మించే బాధ్యత నెత్తిన వేసుకోవద్దు. చాలాసార్లు మొదటిరోజు తిట్టినావిడే నెలకో రెండు నెలలకో 'నాకు ముందే అనుమానం' అంటుంది. అనకపోనూవచ్చు. చెల్లి రెండింటికీ సిద్ధపడ్డాకే చెప్పండి.

వాడు ఒప్పుకోవడం గురించి. మా సలహా ఎదురుపడ్డం వద్దని, ఉత్తరం చాలని. చెల్లి రాత్రిళ్లు నిద్రపోగలిగేదాకా అదీ వద్దు. మొదలుపెడితే మధ్యలో నడిచే మనిషి చుట్టమూ, కులపెద్దా, పార్టీ మనిషీ కాకూడదు. స్త్రీల మీద హింస కేసుల్లో పనిచేసిన కౌన్సిలరైతే మంచిది, చెల్లి పక్కన ఉండే మనిషి వేరే ఉండాలి. ఆ ఉత్తరం ముందు కౌన్సిలర్ చదవాలి. చదివేటప్పుడు చూడాల్సింది కన్నీళ్లు కాదు, క్రియాపదాలు. 'అలా జరిగిపోయింది' అని రాస్తే వెనక్కి పంపెయ్యాలి. వాన కురుస్తుంది, పొద్దు గుంకుతుంది, అవి జరిగేవి. ఇది వాడు చేసింది. 'తలుపు గడియ పెట్టాను, వద్దంటున్నా వినలేదు' అని, 'నేను' చేశానన్నట్టు రాయాలి. 'తాగి ఉన్నాను', 'తనూ నవ్వుతూ మాట్లాడింది', 'నీ మనసు బాధపడి ఉంటే క్షమించు' అన్నవి ఉంటే వాడు ఒప్పుకోలేదనే లెక్క. రెండుసార్లు తిప్పి పంపినా అదే వస్తే ఆపెయ్యండి. మూడోసారి అడిగితే బతిమాలినట్టవుతుంది.

ఎంత చెప్పినా చెల్లి ఎదురుగానే వినాలంటే, కొన్ని తప్పనిసరి. గుళ్లో వద్దు. దేవుడి ముందు కాదనలేని ఒత్తిడి ఆమె మీదే పడుతుంది. ఆమె కుర్చీ గుమ్మానికి దగ్గరగా, వాడిది దూరంగా. గంటకి మించకూడదు. ఆమె చెయ్యి ఎత్తితే ముగిసినట్టే. ముఖ్యంగా కాళ్లు పట్టుకునే నాటకం ఉండకూడదని ముందే తేల్చి చెప్పాలి. అది మళ్లీ ఆమె ఒంటిని తాకడం. పైగా కాళ్ల మీద పడ్డవాణ్ణి లేపకపోతే చుట్టూ ఉన్నవాళ్లందరి దృష్టిలో తనే రాతిగుండెది అవుతుంది. 'క్షమించాను' అని ఆమె అనాల్సిన పని అసలు లేదు.

ఇందులో ఎక్కడా రూపాయి మాట రాకూడదు, కేసు పెట్టననే మాట అంతకన్నా రాకూడదు. ఆ రెండిట్లో ఏది వచ్చినా మళ్లీ మొదటి అరుగు మీదకే చేరినట్టు. డబ్బు సాయం కావాలంటే దానికి వేరే దారి ఉంది. కేసు నమోదయ్యాక జిల్లా న్యాయసేవాధికార సంస్థకి అర్జీ పెట్టాలి. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018 పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల దాకా పరిహారం ఉంటుంది. అది ప్రభుత్వం ఇచ్చేది, ఎవరి ముందూ తలవంచుకుని తీసుకునేది కాదు.

రేపెప్పుడో చెల్లి కేసే పెడదామంటే, ఈ నేరానికి గడువు లేదు. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కొట్టెయ్యడానికి వీల్లేదని, కుటుంబ పరువుకి జంకి ఆలస్యం కావడం సహజమేనని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. జరిగింది పశ్చిమగోదావరి జిల్లాలో, మీరుండేది కోనసీమ జిల్లాలో. అయినా నరసాపురం దాకా వెళ్లక్కర్లేదు. మీ దగ్గర స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకుని వాళ్లే పంపాలి. మహిళా అధికారి రాయాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తరవాతి వాంగ్మూలం ఇంట్లోనే ఇస్తానని ఆమె అడగొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, 15100కి ఫోన్ చెయ్యండి. తోడుకి, కౌన్సెలింగ్‌కి 181 ఉంది. ఒక్కటి మాత్రం స్టేషన్ మెట్లెక్కే ముందే తెలియాలి. కేసు నమోదయ్యాక అది ప్రభుత్వం కేసు, వద్దనుకుంటే వెనక్కి తీసుకునేది కాదు.

చివరిది, కనపడకపోవడం. మీ కుటుంబం వాడి చేత ఒప్పించాల్సిన పని లేనిది, మీరే అమలు చేసుకోగలిగినది ఇదే, అందుకే ఎక్కువ ఆలోచించండి. మామూలుగా ఏమవుతుందంటే, 'నువ్వు రాకులేమ్మా, నీకే ఇబ్బంది' అని ఆడపిల్లనే పెళ్లిళ్లకి మాన్పించేస్తారు. మానాల్సింది వాడు. ఒక కాగితం తీసుకుని వచ్చే ఏడాది కార్యక్రమాలన్నీ రాయండి. వైశాఖంలో ఎవరి పెళ్లి, తాతగారి సంవత్సరీకం ఎప్పుడు, వచ్చే సంక్రాంతి ఎక్కడ. ప్రతిదాని పక్కనా, వాడు వస్తున్నాడా లేదా అని ముందురోజు కనుక్కుని చెల్లికి ఫోన్ చేసే మనిషి పేరు రాయండి. చించినాడ వంతెన దాటి ఇవతలికి రావద్దని వాడికి మీ నాన్నగారే చెప్పాలి, మేనమామగా ఆ మాట ఆయన నోటినుంచే రావాలి. బంధువుల వాట్సాప్ గ్రూపులోంచి వాణ్ణి తీసెయ్యండి. ఎందుకు తీశారని ఎవరడిగినా చెల్లి పేరు ఎత్తొద్దు, 'నాన్న తీసెయ్యమన్నారు' అంటే సరిపోతుంది. ఆ గ్రూపుకి అడ్మిన్ మీ పిన్ని కొడుకైతే ఆ పని అతనికే అప్పజెప్పండి.